మేళం వాళ్ల మౌనధ్యానం

దేవుడు తెలివిని ఊళ్లో అందరికీ దోసిలితో పోసి, తమ ఇంటికి మాత్రం గంపతో దింపాడని గవరయ్య గట్టి నమ్మకం. ఆ మాట డోలు మీద ఒకటి కొట్టి మరీ చెప్పేవాడు. కొంగలేరులో మేళం వాళ్లిల్లంటే వాళ్లదే. పెద్దాడు గవరయ్యది డోలు. నడిమివాడు సోమన్నవి తాళాలు, వాడికి పెళ్లి ధ్యాసే లేదు. ఆఖరివాడు బుల్లియ్యది సన్నాయి. గవరయ్య పెళ్లాం మంగతాయారు ఏమీ వాయించదు గానీ, ఆవిడ నోరు తెరిస్తే ఆ మూడూ వినపడవు.

ఓసారి వానలో తడిసి డోలు గొంతు పోయిందని మిరియాల కషాయం కాచి దాని మీద పోశారు. మర్నాడు ఎండలో పెడితే మళ్లీ మోగింది. ఇంకేముంది, కషాయం మహిమ అని ఊరంతా చాటారు. మనం నవ్వుకుంటాం. వాళ్లు మాత్రం మనల్ని చూసి జాలిపడేవాళ్లు, పాపం వీళ్లకి డోలుకి వైద్యం చెయ్యడం కూడా రాదే అని!

ఇంత తెలివైన ఇంట్లో బుల్లియ్యకి పెళ్లి కావట్లేదు. కుర్రాడు బంగారం. సన్నాయి ఊదితే ఏడ్చే పిల్లలు నిద్రపోయేవాళ్లు. కానీ సంబంధానికని ఎవరైనా వస్తే, పెద్దాడు డోలు ఆపడు, రెండోవాడు తాళం ఆపడు, వదినగారు అరవడం ఆపదు. వచ్చినవాళ్లు మంచినీళ్లు కూడా తాగకుండా చెవులు మూసుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టేవాళ్లు. అలా ఎన్ని సంబంధాలు గడప దాటిపోయాయో.

"అన్నయ్యా, ఎవడు ఎవరికి పుస్తె కట్టినా ఊదేది నేనే. నాకెప్పుడు ఊదుతారన్నయ్యా?" అని బుల్లియ్య ఓ రోజు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నీకు నువ్వే ఊదుకోవాలిరా. నీ అంత బాగా ఇంకెవడు ఊదుతాడు?" అన్నాడు గవరయ్య.

ఆ మాట బుల్లియ్య మనసులో పెట్టుకున్నాడు. మీరూ పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

అలా ఉండగా పక్కూరి కామేశం మేష్టారు వచ్చాడు. రిటైరైన మనిషి. ఏటా ధ్యాన శిబిరానికి వెళ్లి, నోరు కుట్టేసుకుని కూర్చుని వస్తాడు. ఆయన కూతురు హైమావతి. ఆ పిల్లా బుల్లియ్యా ఒకళ్లనొకళ్లు చూసుకున్న గుడి ఉత్సవంలోనే మేష్టారు వాడి సన్నాయి విని కరిగిపోయాడు. కుర్రాడు నచ్చాడు. ఇల్లే సంతలా ఉంది.

"గవరయ్యా, నాకు మీ ఆస్తి అక్కర్లేదు, పొలం అక్కర్లేదు. నా పిల్ల నిశ్శబ్దంలో పెరిగింది. మీరంతా ధ్యానం నేర్చుకోండి. పౌర్ణమి నాడు వస్తాను. ఒక్క గంటసేపు ఈ ఇంట్లో చప్పుడు లేకపోతే ముహూర్తం పెట్టిస్తాను. చప్పుడైందా, రావులపాలెం సంబంధం ఉండనే ఉంది" అన్నాడు మేష్టారు.

"ఆయ్, ఎంత పనండీ! మాకు చెప్పాలా?" అన్నాడు గవరయ్య.

"చెప్పాలి" అని మేష్టారు ఓపిగ్గా చెప్పాడు. వెన్ను నిలబెట్టి కూర్చోవాలి. కళ్లు మూసుకోవాలి. ఊపిరి వస్తోంది, పోతోంది, దాన్ని చూస్తూ ఉండాలి. బలవంతంగా పీల్చకూడదు, ఆపకూడదు, ఊరికే చూడాలి. మధ్యలో చెడ్డ ఆలోచనలు లేస్తాయి, కంగారు పడకూడదు. అంతే. ఇంతకన్నా తేలికైన పని లోకంలో లేదని చెప్పి పాపం ఆయన వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నలుగురూ చాప మీద కూర్చున్నారు. వెంటనే చిక్కొచ్చి పడింది.

"అన్నయ్యా, కళ్లు మూసుకుంటే ఊపిరి ఎలా కనపడుతుంది?" అన్నాడు సోమన్న.

"తెరిచినా కనపడట్లేదురా" అన్నాడు గవరయ్య, మెల్లకన్ను పెట్టి ముక్కు వైపు చూసుకుంటూ. "ఎవరి ముక్కు వాళ్లకి కనపడేలా దేవుడు పెట్టలేదు. నాది నువ్వు చూడు, నీది నేను చూస్తా. మీ వదినది బుల్లిగాడు, బుల్లిగాడిది మీ వదిన."

ఎంత తెలివో చూశారా! అంతే, ఎదురెదురుగా కూర్చుని ఒకళ్ల ముక్కులోకి ఒకళ్లు చూడ్డం మొదలెట్టారు. కాసేపటికి సోమన్న పెరుగు తెచ్చుకుంటానని లేచి పోయాడు. గవరయ్య ఊపిరి చూసేవాడు లేడు! చూడకుండా వదిలితే సాధన చెడుతుందని గవరయ్య ఊపిరి బిగబట్టాడు. మొహం ఎర్రబడింది, నల్లబడింది, గుడ్లు బయటికొచ్చాయి. సోమన్న పెరుగుగిన్నెతో వచ్చి "ఆఁ, చూస్తున్నా, వదులన్నయ్యా" అంటే అప్పుడు వదిలాడు.

"ఇలా అయితే నా తాళి తెగుద్ది. ఎవరిది వాళ్లకి కనపడే ఉపాయం నేను చెప్తా ఉండండి" అని మంగతాయారు వంటింట్లోకి పోయి బియ్యప్పిండి తెచ్చింది. తలా గుప్పెడు అరచేతిలో పోసి ముక్కు కింద పెట్టుకోమంది. ఊపిరి వదిలితే పిండి లేస్తుంది, పీలిస్తే లోపలికొస్తుంది. కళ్లారా చూడొచ్చు.

నిజంగానే వచ్చింది లోపలికి. సోమన్న ఇంటి కప్పు ఎగిరేట్టు తుమ్మాడు.

ఇక్కడ మేళం వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. పెళ్లి పందిట్లో తుమ్ము వినపడకూడదు, ఏడుపు వినపడకూడదు, చెడ్డమాట వినపడకూడదు. పంతులుగారు వేలెత్తి ఊపాడంటే డోలు, సన్నాయి, తాళాలు ఒక్కసారి గట్టిమేళం అందుకుని ఆ చెడ్డ చప్పుడుని కప్పెయ్యాలి. జనం అక్షింతలు వెయ్యాలి. వీళ్లు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ అదే పని. తుమ్ము చెవిన పడితే చేతులు వాటంతట అవే లేస్తాయి.

లేచాయి! పిండి మొహాలతోనే గట్టిమేళం వాయించి పారేశారు. ఎదురింటి సూరమ్మత్త చేతిలో చేట పడేసి, పిడికిట్లో బియ్యం పట్టుకుని పరుగెత్తుకొచ్చి నలుగురి నెత్తినా వేసింది. వేసేశాక అడిగింది, "ఇంతకీ పెళ్లెవరిదిరా?" అని.

గవరయ్య మొహం వెలిగిపోయింది. పెళ్లి ఎవరిదో తెలిసి కాదు. ఉపాయం తట్టి.

"ఒరే, మేష్టారు ఏమన్నారు? ధ్యానంలో కూర్చుంటే చెడ్డ ఆలోచనలు లేస్తాయన్నారా? తుమ్ము లేస్తే ఏం చేశాం? గట్టిమేళం! ఆలోచన లేచినా అంతే. ఎవడికి లేస్తే వాడు వేలెత్తండి. కప్పేద్దాం."

ఇంకేముంది! ఆ రోజు నుంచి తెల్లారడం ఆలస్యం, ఆ ఇంట్లో వేళ్లు లేవడమే. తమ్ముడి ఇస్తర్లో బొబ్బట్టు లాక్కోవాలని గవరయ్యకి లేచింది, గట్టిమేళం. తాళాలు అమ్ముకుని సెల్‌ఫోన్ కొనుక్కోవాలని సోమన్నకి లేచింది, గట్టిమేళం. మంగతాయారు వాళ్ల ఆడపడుచుని తలుచుకుని వేలెత్తింది, ఎత్తింది ఎత్తినట్టే ఉంచింది. దించదే! మధ్యాహ్నం దాకా వాయించి వాయించి గవరయ్య భుజాలు పడిపోయాయి. వీధిలో వాళ్లకి మేళం వినపడ్డప్పుడల్లా చెయ్యి ఆగదు కదా, అక్షింతలు విసిరీ విసిరీ డబ్బాల్లో బియ్యం నిండుకున్నాయి. చివరికి అందరూ కలిసి మేష్టారి దగ్గరికి పోయి మొర పెట్టుకున్నారు.

మేష్టారు తల పట్టుకుని కబురు పంపాడు. "ఆలోచనని కప్పెట్టొద్దు, కొట్టొద్దు. ఏది లేచినా ఊరికే చూస్తూ ఉండండి, అదే పోతుంది. మనసు ఎక్కడికైనా పోతే మెల్లగా వెనక్కి తీసుకురండి, అంతే. పౌర్ణమి దగ్గరికొచ్చింది. ఇంకో డోలు దెబ్బ వినపడితే సంబంధం లేనట్టే."

బుల్లియ్య పరుగున వచ్చి అన్నల కాళ్లు పట్టుకున్నాడు. "మీకు దణ్ణం పెడతా, ఈసారి చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. ఆ పిల్ల తప్పితే నాకింక పెళ్లే వద్దు."

చెప్పింది చెప్పినట్టు! అది వాళ్లకి రాదనుకున్నావా నాయనా? వాళ్లకి వచ్చిందే అది.

కూర్చున్నారు. కాసేపటికి సోమన్న మనసు సూరమ్మత్త అటక మీదున్న మాగాయ జాడీ మీదికి పోయింది. వెనక్కి తీసుకురమ్మన్నారు కదా. సోమన్న లేచి, మెల్లగా అన్నారు కాబట్టి మునివేళ్ల మీద నడిచి, నిచ్చెన వేసి అటకెక్కాడు. సూరమ్మత్త గరిటె పుచ్చుకుని వచ్చేసరికి జాడీలో మోచేతి దాకా చెయ్యుంది.

"ఏం పనిరా అది, అప్రాచ్యుడా!"

"నా మనసు ఇందులోకొచ్చిందత్తా. తీసుకుపోదామని వచ్చాను. అడుక్కి పోయినట్టుంది."

మంగతాయారు మనసు పుట్టింటికి పోయింది. ఆవిడ పెట్టె సర్దుకుని పోయి, పౌర్ణమికి ముందురోజు గానీ తిరిగి రాలేదు. గవరయ్య చిందులేస్తే, "మెల్లగా తీసుకురమ్మన్నారు కదండీ? తొందరపెడితే వస్తుందా ఏంటి?" అంది. ధర్మమే మరి.

పౌర్ణమి వచ్చింది. మేష్టారు వచ్చాడు. నలుగుర్నీ హాల్లో వరసగా కూర్చోబెట్టి, తను వాళ్లకి ఎదురుగా కూర్చుని, పక్కన అలారం గడియారం పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఆయన కళ్లు మూస్తే మళ్లీ అలారం మోగేదాకా తెరవడు, పిడుగు పడ్డా సరే.

ముందుగా గవరయ్య మనసు పోయింది. ఎక్కడికీ? కాలవ లాకుల దగ్గర మిరపకాయ బజ్జీల బండికి. గవరయ్య చప్పుడు కాకుండా లేచి పోయాడు. వెనకే సోమన్న మనసు పోయింది, కాలవలో చేపలు పట్టే మావు వేసిన చోటికి, చేప పడిందో లేదో అని. పోయాడు. మంగతాయారు మనసు పొయ్యి మీది పాల దగ్గరికి పోయింది. వెనకే ఆవిడా పోయింది. ఇక మిగిలింది బుల్లియ్య. వాడి మనసు వేరే చెప్పాలా, పక్కూళ్లో హైమావతి దగ్గరికి పోయి ఎంతసేపైందో. వాడు కొంచెం ఆలోచించాడు. తేకపోతే మేష్టారి మాట తప్పినట్టు. సైకిల్ వీధి చివరిదాకా మోసుకుపోయి, అక్కడ ఎక్కి తొక్కాడు.

హైమావతి అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చెమటలు కక్కుకుంటూ వచ్చి నిలబడ్డ పెళ్లికొడుకుని చూసి లేచి నిలబడింది.

"మీరా? నాన్నగారు మీ ఇంటికే కదండీ వెళ్లారు?"

"ఆయ్. ధ్యానంలో ఉన్నామండి. నా మనసు ఇక్కడికొచ్చేసిందండి. తీసుకుపోదామని వచ్చాను."

హైమావతి వాడి మొహంలోకి చూసింది. వెటకారం లేదు, వేషం లేదు. నిజంగా పోయిన వస్తువు కోసం వచ్చినట్టే నిలబడ్డాడు. ఆ పిల్లకి బుగ్గలు ఎర్రబడ్డాయి.

"అయితే తీసుకుపోండి" అంది.

బుల్లియ్య కాసేపు అటూ ఇటూ చూశాడు. "రావట్లేదండి" అన్నాడు దిగులుగా.

"పోనీ ఇక్కడే ఉండనివ్వండి. నేను చూసుకుంటాలే" అంది ఆ పిల్ల, చింతపండు చేతుల్తోనే మొహం కప్పుకుని.

మనసు వచ్చేసిందన్న ఇంత చక్కని మాట కాలేజీలో చదువుకున్న వాడికి కూడా తట్టదని ఆ పిల్ల మురిసిపోయింది. వాడు మాత్రం, పని సగమే అయిందే అని ఏడుపుమొహంతో సైకిలెక్కాడు.

అలారం మోగేసరికి ఒక్కొక్కళ్లే మెల్లగా వచ్చి ఎక్కడి వాళ్లు అక్కడ కూర్చున్నారు. మేష్టారు కళ్లు తెరిచాడు. గవరయ్య కళ్ల నుంచి ధారగా నీళ్లు కారుతున్నాయి, బజ్జీలు అంత ఘాటు మరి. సోమన్న నడుం దాకా తడిసిపోయాడు. బుల్లియ్య రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. మంగతాయారు ఒక్కతే చల్లగా కూర్చుంది, మూతి మీద మీగడతో.

మేష్టారు లేచి నలుగురికీ చేతులు జోడించాడు. "ఆనందబాష్పాలు! ఒళ్లంతా చెమట! ఇన్నేళ్లుగా శిబిరాలకి పోతున్నా, ఇంత నిశ్శబ్దం ఎక్కడా చూళ్లేదయ్యా. గదిలో మనుషులున్నట్టే లేదు!"

లేరుగా మరి.

అంతే, శ్రావణంలో ముహూర్తం పెట్టేశారు. పెళ్లికి ముందు మేష్టారు పెళ్లికొడుకు అన్నలిద్దర్నీ పిలిచి, "మీరు సాధించింది పెళ్లి హడావిడిలో పోగొట్టుకోకండి. పందిట్లో కూడా అంతే. ఏది లేచినా చలించకండి, చూస్తూ ఉండండి, అదే పోతుంది" అని బుద్ధి చెప్పాడు. ఆయన ఖర్మ. ఊరుకోవచ్చు కదా.

మేళం ఎవరు? ఇంటివాళ్లే. సన్నాయికి పొరుగూరి మనిషిని పెడదామంటే గవరయ్య కస్సుమన్నాడు, మా ఇంటి పెళ్లికి పరాయి సన్నాయా అని. బుల్లియ్య పీటల మీద తన పక్కనే సన్నాయి పెట్టుకుని కూర్చున్నాడు.

జీలకర్ర బెల్లం అయింది. అందరూ మంగళసూత్రానికి దణ్ణాలు పెట్టి అందించారు. బుల్లియ్య పసుపుతాడు రెండు చేతుల్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. హైమావతి తల వంచింది. సరిగ్గా అప్పుడు హోమం పొగ మేష్టారి ముక్కులోకి పోయింది. తన కూతురి పెళ్లి ముహూర్తానికి మేష్టారే తుమ్మాడు! ఎలాంటి తుమ్మనుకున్నారు? దీపం ఆరిపోయేంత తుమ్ము.

"గట్టిమేళం! గట్టిమేళం!" పంతులుగారు వేలెత్తి ఊపాడు.

చప్పుడు లేదు. గవరయ్య, సోమన్న కళ్లు మూసుకుని, వెన్ను నిలబెట్టి, తుమ్ముని చూస్తూ కూర్చున్నారు. అదే పోతుందని. మేష్టారికి రెండోది వచ్చింది. అదీ అందరికీ వినపడింది. మూడోదీ వినపడింది. పందిరంతా గుసగుసలు. ఆడపెళ్లివారి ముసలాళ్లు లేచి నిలబడ్డారు, ఇంత అపశకునం తర్వాత పుస్తె కట్టడం ఏంటి, ముహూర్తం దాటించండి అని. హైమావతి మొహంలో రంగు పోయింది.

"గట్టిమేళమయ్యా! కొంపలంటుకుంటున్నాయి!" పంతులుగారి వేలు గాలిలో గిరగిరా తిరుగుతోంది.

ఆ వేలు చూశాడు బుల్లియ్య. వేలు ఊగితే ఊదాలి. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఊదకుండా ఉన్నది లేదు. నీకు నువ్వే ఊదుకోవాలని అన్నయ్య కూడా చెప్పాడు. కానీ రెండు చేతుల్లోనూ పుస్తెలతాడుంది. కింద పెడితే కళ్లుపోతాయి. ఎక్కడ పెట్టాలి? పుస్తె ఉండే చోటు మెడే కదా! అంతే, ఆ తాడు తన మెడలోనే వేసుకుని, వంగి సన్నాయి అందుకుని, బుగ్గలు పూరించి గట్టిమేళం ఊదాడు.

అబ్బ, ఏం ఊదాడండీ! పందిట్లో ఒక్క గుసగుస వినపడితే ఒట్టు. మేళం చెవిన పడగానే అందరి చేతులూ లేచాయి. అక్షింతలు వానలా పడ్డాయి. సూరమ్మత్త అందరికన్నా ఎక్కువ వేసింది.

సన్నాయి ఆగాక చూస్తే, పుస్తె పెళ్లికొడుకు మెడలో ఉంది.

మేష్టారు ఒక్క గంతున లేచాడు. ఇన్నేళ్ల శాంతీ కట్ట తెగిన కాలవ అయిపోయింది. "ఆపండి! వెధవల్లారా! ఇదేం పెళ్లిరా! లే అమ్మా, పోదాం పద! రావులపాలెం వాళ్లకి ఇప్పుడే కబురు పెడతా!"

గవరయ్య మెల్లగా కళ్లు తెరిచాడు. "మేష్టారూ, కోపం లేచినట్టుందండి. కప్పెట్టకండి. చూస్తూ ఉండండి, అదే పోద్ది."

"నోర్ముయ్!"

"అయ్యో, మనసు ఎటో పోయింది పాపం ఆయనకి" అని సోమన్న తాళాలు కింద పెట్టి లేచాడు. "రావులపాలెమేనాండి? ఇప్పుడే పోయి తెచ్చేస్తా."

మేష్టారు ఎత్తిన చెయ్యి దించేశాడు. తన మాటలే కదా అవన్నీ. కూతురి వైపు చూశాడు. హైమావతి లేవలేదు. బుల్లియ్య వైపు తలెత్తి మెల్లగా అడిగింది.

"మీ మనసు?"

"మీ దగ్గరే ఉందండి. నేనింకా తెచ్చుకోలేదు" అన్నాడు బుల్లియ్య, భయం భయంగా.

అప్పుడు లేచింది ఆ పిల్ల. తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి పోవడానికి కాదు. బుల్లియ్య వీపు వైపుకి నడిచింది. వాడి మెడలో తాడు ముడి లేకుండా వేలాడుతోంది, జారిపోతుందేమో అన్నట్టు రెండు కొసలూ అందుకుని, ఒకటి, రెండు, మూడు ముళ్లు వేసింది. వేసి వచ్చి మళ్లీ పీట మీద కూర్చుంది, నవ్వు ఆపుకుంటూ. మేష్టారు కూలబడి కళ్లు మూసుకున్నాడు. ఊపిరి చూసుకున్నాడో, దేవుణ్ణి తిట్టుకున్నాడో మనకి తెలీదు. చివరికి "కానివ్వండి" అన్నాడు.

పంతులుగారికి మాత్రం మనసొప్పలేదు. "అయిందేదో అయింది. నాయనా, అది తీసి అమ్మాయి మెడలో..."

బుల్లియ్య రెండు చెవులూ మూసుకున్నాడు. "శివ శివా! పెళ్లాం నిక్షేపంలా ఎదురుగా కూర్చుంటే పుస్తె తియ్యమంటారా? ఎంత అశుభం మాటండీ!"

అశుభం అన్న మాట చెవిన పడగానే ధ్యానం సంగతి మర్చిపోయి గవరయ్య చేతులు డోలు మీదికి, సోమన్న చేతులు తాళాల మీదికి వాటంతట అవే లేచాయి. గట్టిమేళం! పంతులుగారు మళ్లీ నోరు తెరిచాడు. గట్టిమేళం! ఆయన తియ్యమన్నప్పుడల్లా వాయించారు, వాళ్లు వాయించినప్పుడల్లా జనం అక్షింతలు వేశారు. ఆఖరికి ఆయన దక్షిణ కూడా అడక్కుండా గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

దంపతులిద్దరూ పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెడుతూ సూరమ్మత్త దగ్గరికి వచ్చారు. ఆవిడకి చూపు తక్కువ. పుస్తె ఎవరి మెడలో తగిలితే ఆ తల మీద చెయ్యి పెట్టి దీవించడం ఆవిడ అలవాటు. తడిమి చూసి, బుల్లియ్య నెత్తిన చెయ్యి పెట్టింది.

"దీర్ఘసుమంగళీ భవ!"

"మీ దయ అత్తా" అన్నాడు బుల్లియ్య సిగ్గుపడుతూ, మెడలో పసుపుతాడు ఎత్తి కళ్లకద్దుకుని.